ఇరవైమూడో వార్డులో గ్రీసు ఇల్లు

సీతాయిపేట పురపాలక సంఘం గ్రీసు దేశంలో ఇల్లు కొన్నదంటే ఎవరూ నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా. కొన్నాక సీతాయిపేట వాళ్లే చాలా రోజులు నమ్మలేదు.

అన్నిటికీ మూలం పైనుంచి వచ్చిన ఒక సర్క్యులర్. సిబ్బంది పని ఒత్తిడితో నలిగిపోతున్నారనీ, వారి మానసికోల్లాసం కోసం ప్రతి మునిసిపాలిటీ ఒక విడిది గృహం సమకూర్చుకోవాలనీ, మార్చి నెలాఖరులోగా ఖర్చుపెట్టని నిధులు మురిగిపోతాయనీ అందులో రాశారు. సిబ్బంది నలిగిపోతున్నారన్న మాట ఎవరినీ కదిలించలేదు గానీ, నిధులు మురిగిపోతాయన్న మాటకి ఆఫీసంతా ఉలిక్కిపడి లేచి కూర్చుంది. పక్క మునిసిపాలిటీ వాళ్లు అప్పుడే అరకులో కొనేశారు. ఆ పక్క వాళ్లు ఊటీలో కొన్నారు. ఈ కబురు విని సీతాయిపేట చైర్మన్ గారికి కడుపు మండిపోయింది.

"వాళ్లు కొండెక్కితే మనం సముద్రం దాటాలండి! ఆయ్, ఏవనుకుంటున్నారో!" అన్నారు కౌన్సిల్ సమావేశంలో బల్ల గుద్ది.

సరిగ్గా ఆ వారంలోనే ఊళ్లోని ఫంక్షన్ హాల్లో ఒక కంపెనీ వాళ్లు 'విదేశాల్లో సొంతిల్లు' అని స్టాలు పెట్టారు. అప్పట్లో అదొక పిచ్చి. చేపల చెరువుల వాళ్లూ, పళ్ల డాక్టర్లూ కూడా పోర్చుగల్లో రేటెంత, దుబాయిలో రేటెంత అని టీ తాగుతూ మాట్లాడుకునేవాళ్లు. స్టాల్లో ఒక ఫోటో ఉంది. గ్రీసు దేశపు ద్వీపం, తెల్లటి ఇల్లు, నీలం తలుపు, వెనకాల సముద్రం. ద్వీపం పేరుకి చైర్మన్ గారి నోరు తిరగలేదు. అందుకని 'మన దీవి' అన్నారు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ప్రతిపక్ష కౌన్సిలరు ఒక్కడే లేచి, "అక్కడ భోజనం ఎలాగండీ?" అని గట్టిగా నిలదీసి, జవాబు వినకుండానే కూర్చున్నాడు.

మొదటి విడిది ఎవరికన్న దానికి లాటరీ తీశారు. స్టీలు బిందెలో చీటీలు వేసి చైర్మన్ గారే కళ్లు మూసుకుని చెయ్యి పెట్టారు. వాసంశెట్టి మంగతాయారు పేరొచ్చింది.

మంగతాయారు ఇరవైమూడో వార్డు బిల్లు కలెక్టరు. ఇంటిపన్ను, కుళాయి పన్ను వసూలు చేస్తుంది. పన్ను కట్టని వాళ్ల గోడలకి నోటీసులు అంటిస్తుంది. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆమె బతుకంతా ఇతరుల గుమ్మాల ముందే గడిచింది. తలుపు కొట్టడం, ఎండలో నిలబడడం, లోపల టీవీ మోగుతూండగానే ఎవరూ లేరనిపించుకుని రేపు మళ్లీ రావడం. కూర్చోమని కుర్చీ వేసిన ఇల్లు ఆమెకి గుర్తులేదు. కుక్కని వదిలిన ఇళ్లు గుర్తున్నాయి. పోనీ తనకో గుమ్మం ఉందా అంటే, అదే వార్డులో మేడ మీద అద్దె వాటా. తలుపు తీస్తే మెట్లే. మెట్ల మీద కూర్చుంటే కింద వాటా ఆవిడ, దారికి అడ్డమండీ, అంటుంది.

ఫోటోలో అందరూ సముద్రం చూశారు. మంగతాయారు నీలం తలుపు ముందున్న రాతి అరుగు చూసింది.

"ఏవండీ, నాకు పది రోజులు ఆ అరుగు మీద కూర్చోవాలనుందండీ. ఇంకేం వద్దు. మన గుమ్మం ముందు మనం కూర్చోవడం," అంది ఆ రాత్రి భర్తతో.

ధనరాజుకి మోటార్ వైండింగ్ షాపు ఉంది. మాట తక్కువ మనిషి. భార్య మొహంలోకి కాసేపు చూసి, "పది రోజులు కూర్చుంటే నడుం పట్టేస్తుందే," అన్నాడు. మర్నాడే ఇద్దరికీ పాస్‌పోర్టులకి పెట్టేశాడు.

పాస్‌పోర్టులు వచ్చాక మంగతాయారు సెలవు చీటీ పట్టుకుని కమిషనర్ పురుషోత్తం గారి గదికి వెళ్లింది. ఆయన నిబంధనల మనిషి. దాహమేసినా ఏ రూలు కింద తాగాలో చూసుకుని తాగుతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"చాలా సంతోషమమ్మా. అయితే మునిసిపల్ కట్టడం ఏదైనా వినియోగంలోకి తేవడానికి ముందు, డి.ఈ. గారు స్వయంగా క్షేత్ర పరిశీలన జరిపి, సదరు కట్టడం మానవ నివాసయోగ్యమని ధ్రువీకరించవలసి ఉంటుంది," అన్నారు.

డి.ఈ. భానోజీరావు గారు ఇంజినీరింగ్ విభాగానికి పెద్ద. ఆయన దగ్గరికి వెళ్తే చాలా బాధపడ్డారు.

"వెళ్లనంటానా అమ్మా? కానీ నా పరిధి మురుగుకాలవ వంతెన దాకానే. వంతెన దాటితే నేను ఇంజినీర్ని కాను, మామూలు మనిషిని. మామూలు మనిషి సర్టిఫికెట్టు ఇస్తే చెల్లుతుందా?"

చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. అందుచేత కౌన్సిల్ మళ్లీ కూర్చుని, గ్రీసు ఇంటిని పట్టణ పరిధిలోకి తెచ్చింది. సీతాయిపేటలో కొత్తగా ఏ ఇల్లొచ్చినా చివరి వార్డులో కలపడం ఆనవాయితీ. చివరి వార్డు ఇరవైమూడు. గ్రీసు ఇంటికి డోరు నంబరు పడింది. ఇంటిపన్ను పడింది. కుళాయి కనెక్షన్ లేకపోయినా కుళాయి పన్ను పడింది. సీతాయిపేటలో అది వింతేమీ కాదు.

"ఇప్పుడు పరిధిలో ఉంది, కాదనను. అయితే మేం తనిఖీకి వెళ్లే వాహనాలు రూల్సులో రాసున్నాయమ్మా. జీపు, రిక్షా, వరదలొస్తే పడవ. విమానం లేదు," అన్నారు భానోజీరావు గారు.

"పోనీ పడవలో వెళ్లండి సార్," అంది మంగతాయారు, ఒళ్లు మండి.

"వరదలొస్తేనమ్మా," అన్నారాయన జాలిగా.

ఈ పీటముడి విప్పినవారు కమిషనర్ గారే. మూడు రోజులు నిబంధనలు తిరగేసి, అందరినీ పిలిపించి నెమ్మదిగా చెప్పారు. "తనిఖీ అధికారి కట్టడం దగ్గరికి పోలేనప్పుడు, కట్టడమే తనిఖీ అధికారి దగ్గరికి రావాలి. సదరు గృహాన్ని పోలిన గృహం మన పరిధిలోనే నిర్మించి, దాన్ని తనిఖీ చేస్తే సరిపోతుంది." చైర్మన్ గారు లేచి ఆయనకి చెయ్యి కలిపారు. మంగతాయారు తల పట్టుకుంది గానీ, ఏదో ఒకటి అయ్యి సర్టిఫికెట్టు చేతికొస్తే చాలనుకుంది.

మునిసిపాలిటీకి ఖాళీ జాగా ఒక్క డంపింగ్ యార్డులోనే ఉంది. పని గుబ్బల పెద్దిరాజుకి వచ్చింది. పెద్దిరాజు కాలవలూ బస్ షెల్టర్లూ కట్టే కాంట్రాక్టరు. ఫోటో చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో ముందువైపే ఉందండీ. వెనకేటుంటదండీ?"

"వెనక మన ప్రాథమిక పాఠశాలల్లాగా పెట్టేయ్," అన్నారు భానోజీరావు గారు.

"మరి నెత్తి మీద ఈ గుండ్రందేంటండీ?"

ఆఫీసులో గుమ్మటానికి డ్రాయింగు లేదు. నీళ్ల ట్యాంకుకి ఉంది. కాబట్టి పైన ట్యాంకు కట్టి నీలం రంగు కొట్టారు. ఫోటోలో తలుపు దక్షిణానికి ఉందని చైర్మన్ గారు కంగారుపడి తూర్పుకి తిప్పించారు. తూర్పున చెత్తకుప్ప ఉంది. సముద్రం కోసం వెనకాల ప్రహరీ గోడ కట్టి అలలు గీయించారు. అలల మీద చైర్మన్ గారు చేతులు జోడించి నవ్వుతూ తేలుతున్నారు.

కట్టడం పూర్తయిందని తెలిసి మంగతాయారు చూడ్డానికి వెళ్లింది. చుట్టూ తిరిగి వచ్చి, "అరుగేదండీ?" అని అడిగింది.

"అరుగు రోడ్డు మీదికొస్తుందమ్మా, ఆక్రమణ కింద లెక్క. మనమే చట్టం ఉల్లంఘిస్తే జనానికి ఏం చెబుతాం?" అన్నారు భానోజీరావు గారు. జీపులో వచ్చారు కాబట్టి తనిఖీ నిబంధన ప్రకారమే జరిగింది. గోడలు కర్రతో తట్టి చూసి, 'గ్రీసు దేశమందలి విడిది గృహము నివాసయోగ్యము' అని సంతకం పెట్టారు.

సర్టిఫికెట్టు రాగానే మంగతాయారు ఇంటికి పరుగెత్తి సూట్‌కేసు దింపింది. సాయంత్రానికి కేటాయింపు ఉత్తర్వు చేతికొచ్చింది. 'ధ్రువీకరింపబడిన గృహమునందు పది దినములు విడిది చేయుటకు అనుమతించడమైనది.' ఆమె మళ్లీ కమిషనర్ గారి గదికి వెళ్లింది.

"ఏ ఇంట్లోనండీ?"

"ధ్రువీకరించినది ఏది? డంపింగ్ యార్డులోది. ధ్రువీకరించని ఇంటికి ఉద్యోగిని పంపి, రేపు పైకప్పు మీద పడితే బాధ్యులెవరు?"

"ఇక్కడ పైకప్పు మీద నీళ్ల ట్యాంకుంది కదండీ!"

"ఉన్నా ధ్రువీకరించాం కదమ్మా," అన్నారాయన ఓపిగ్గా.

విడిది ప్రారంభం బ్యాండుమేళంతో జరిగింది. చైర్మన్ గారు రిబ్బను కత్తిరించి, ఆలుమగలిద్దరికీ విదేశీయాన శుభాకాంక్షలు చెప్పారు. బ్యాండు వెళ్లాక ఈగలు మిగిలాయి. తెల్లారకముందే చెత్త లారీలు వచ్చి తూర్పు గుమ్మం ముందు దించడం మొదలుపెట్టాయి. ధనరాజు ముక్కుకి తువ్వాలు కట్టుకుని, "గాలి మారిందే," అన్నాడు. మంగతాయారు నవ్వలేదు.

ఇంకాస్త పొద్దెక్కేసరికి అసలు సంగతి మొదలైంది. బిల్లు కలెక్టరు ఒక్కచోట కదలకుండా దొరుకుతుందని ఇరవైమూడో వార్డంతా తెలిసిపోయింది. కుళాయి రావట్లేదని ఒకరు, పన్ను రెండుసార్లు పడిందని ఒకరు, పనేమీ లేకపోయినా గ్రీసు ఎలా ఉంటుందో చూద్దామని పిల్లాపాపలతో మరొకరు. "ఏవండోయ్ మంగతాయారు గారూ, ఓసారి తలుపు తీద్దురూ!" జన్మంతా తలుపులు కొట్టిన మనిషికి ఆ చప్పుడు విని వణుకొచ్చింది. సాయంత్రానికి ఇంటికి తాళం వేసి, ధనరాజు స్కూటరు వెనక కూర్చుని ఊరంతా చూస్తూండగా ఏడ్చింది. కోపంతో ఏడ్చిందో బాధతో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తే అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. విదేశీ పర్యటన దిగ్విజయంగా ముగించుకు వచ్చినందుకు శాలువా కప్పారు. విడిది వినియోగించుకున్నట్టు సర్వీసు రిజిస్టరులో ఎక్కించేశామనీ, సర్వీసు మొత్తంలో ఒకేసారి కాబట్టి ఇక ఆమెకి అవకాశం లేదనీ హెడ్ గుమాస్తా చెప్పాడు.

మంగతాయారుకి చిర్రెత్తుకొచ్చింది. శాలువా కుర్చీ మీద పడేసి, అక్కడికక్కడే అర్జీ రాసింది. నాకు ఇచ్చిన ఇల్లూ, మునిసిపాలిటీ కొన్న ఇల్లూ ఒకటి కావు, ఫోటో పక్కన పెట్టి మీరే చూసుకోండి, అని రాసి కమిషనర్ గారి బల్ల మీద పెట్టింది.

కమిషనర్ గారు ఆ అర్జీని కొట్టిపారేస్తారని అంతా అనుకున్నారు. పారేయలేదు. చాలా శ్రద్ధగా చదివారు. ఫోటో తెప్పించారు. టౌన్ ప్లానింగ్ ఆఫీసరుని వెంటబెట్టుకుని డంపింగ్ యార్డుకి వెళ్లి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గంటసేపు రెండూ పోల్చి చూశారు. తిరిగొచ్చి మంగతాయారుని పిలిపించారు.

"మీ పరిశీలన అక్షరాలా నిజమమ్మా. రెంటికీ ఎక్కడా పొంతన లేదు."

"అదేనండీ నేను మొత్తుకుంటున్నది!" మంగతాయారు గుండె తేలికపడింది.

"ధ్రువీకరించిన దానికి తలుపు తూర్పున ఉంటే, గ్రీసులో దానికి దక్షిణాన ఉంది. నీళ్ల ట్యాంకు లేదు. పైగా రోడ్డు మీదికి అరుగు. కనుక గ్రీసులో ఉన్నది ఆమోదిత నమూనాకు విరుద్ధంగా నిర్మించిన అక్రమ కట్టడమని తేలింది. కూల్చివేతకు ఉత్తర్వులిస్తున్నాం."

"బాబోయ్! అది వందేళ్ల కిందట కట్టిన ఇల్లంటండీ!"

"అంటే వందేళ్లుగా ఉల్లంఘన జరుగుతోందన్నమాట. ఇరవైమూడో వార్డులో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో!" అని ఆయన నిట్టూర్చారు.

మంగతాయారు బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూలబడింది. తన చేత్తో తనే రాసింది అర్జీ. ఊరుకుని ఉంటే ఆ అరుగు ఎక్కడో అక్కడ, తను చూడకపోయినా, ఉండేది. ఇప్పుడు అదీ పోతుంది. నా చెయ్యి పడిపోనూ, ఎందుకు రాశాను, అని తనను తాను తిట్టుకుంది.

కానీ కూల్చడానికి ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు యజమానికి ఇవ్వాలి. యజమాని మునిసిపాలిటీయే.

"అయితే ఇదిగోండి, మీరే తీసుకోండి," అంది మంగతాయారు, నోటీసు కమిషనర్ గారికే చాపి. ఇవ్వడం వరకే తన పని. ఇచ్చేస్తే ఈ దరిద్రం వదిలిపోతుందనుకుంది.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నోటీసు ఆ చిరునామాలో ఇవ్వాలి. యజమాని ఆ చిరునామాలో లేడు. లేనప్పుడు గోడకి అంటించాలి. అంటించవలసింది ఆ వార్డు బిల్లు కలెక్టరు." అలా అంటూండగానే ఆయనకి ఏదో తట్టి, ఒక పాత పుస్తకం తీసి వెతికారు. తనిఖీల రూల్సులో విమానం లేదు గానీ, నోటీసుల రూల్సు ఏనుగుల మీద తిరిగిన దొరల కాలం నాటివి. 'నోటీసు అంటించు ఉద్యోగి ఎంత దూరమైనను, ఏ వాహనమందైనను పోవచ్చును' అని ఉంది. దాని కింద, అదే వార్డులో నివసించే సాక్షి ఒకడు వెంట ఉండవలెనని ఉంది. ఇంకా కింద, యజమాని సమాధానం దాఖలు చేసేవరకు, నోటీసు ఎవరూ చింపకుండా అంటించిన ఉద్యోగీ సాక్షీ అక్కడే కాపలా ఉండవలెనని ఉంది.

"ఇరవైమూడో వార్డులో పాస్‌పోర్టు ఉన్న సాక్షి ఎవరైనా దొరుకుతారా?" అని అడిగారు కమిషనర్ గారు, దిగులుగా.

"మా ఆయన ఉన్నారండీ," అంది మంగతాయారు.

బయల్దేరేటప్పుడు ఆమెకి సంతోషం లేదు. చంపడానికి పోతున్నట్టుంది. "పోనీలేవే, చూడనైనా చూస్తావు కదా," అని ధనరాజు దారంతా సముదాయించాడు. విమానాశ్రయంలో జిగురు సీసా లాగేసుకున్నారు. అంతకుముందు వీసా ఆఫీసులో ఎందుకెళ్తున్నారని అడిగితే, మా ఇల్లు కూలగొట్టడానికి నోటీసు అంటించాలండీ, అని ఉన్నమాట చెప్పింది. ఆ ఆఫీసరు ఇంతవరకూ వినని కారణం కావడం వల్ల కాబోలు, ముద్ర వేసేశాడు.

ఇల్లు అచ్చం ఫోటోలో లాగే ఉంది. తెల్లటి గోడలు, నీలం తలుపు, కింద ఎంత దూరం చూస్తే అంత దూరం సముద్రం. ఆ నీళ్ల మీద ఎవరూ చేతులు జోడించి లేరు. అరుగు రాయి ఎండకి గోరువెచ్చగా ఉంది. మంగతాయారు చేత్తో తడిమింది. ఎంత బాగుందో! ఆమెకి ఏడుపొచ్చింది. ధనరాజు లోపలికి వెళ్లి మైదాపిండి ఉడకేసి జిగురు చేసుకొచ్చాడు. నోటీసు గోడకి అంటించి, నాలుగు మూలలూ అలవాటు కొద్దీ అరచేత్తో నొక్కింది. సాక్షి సంతకం అయ్యింది. ఇక కాపలాయే కాబట్టి అరుగు మీద కూర్చుంది.

పక్కింటి ముసలావిడ దారిన పోతూ నోటీసు చూసింది. తెలుగు ముక్క ఆవిడకి రాదు, ఆవిడ భాష వీళ్లకి రాదు. ఏదో మంచి కాగితమే అనుకుని, దండం పెట్టి, చిన్న పళ్లెంలో అత్తిపళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లింది. తలుపు కొట్టలేదు. మర్నాడూ తెచ్చింది. అలా చాలా రోజులు గడిచాయి.

ఒకనాడు కమిషనర్ గారు ఫోన్ చేశారు.

"ఏమమ్మా, యజమాని నుంచి సమాధానం దాఖలైందా?"

"యజమాని మీరే కదండీ."

"ఓహో, అవును కదా. మరి మేం ఇంకా ఎందుకు ఇవ్వలేదో కనుక్కుంటాను, ఉండండి." కాయితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆయన గొంతు మారింది. "అమ్మా, సమాధానం రాసి నాకు పంపవలసినది ఇరవైమూడో వార్డు సీటులో ఉన్నవారు."

"ఆ సీటు నాదేనండీ."

"మీదే. కనుక మీరు వచ్చి సమాధానం పెట్టాలి."

"సమాధానం వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదు కదండీ."

అవతల మళ్లీ కాయితాలు తిరిగాయి. "మీ సీటు ఇంకొకరికి అప్పగిస్తే?" అన్నారాయన చివరికి.

"నేనొచ్చి ఛార్జి ఇస్తే గానీ వాళ్లు తీసుకోకూడదటండీ."

"అవును. తీసుకోకూడదు." ఆయన గొంతులో ఓటమి లేదు. రెండు నిబంధనలూ చెక్కుచెదరకుండా నిలబడినందుకు ఒక రకమైన తృప్తి ఉంది. "అయితే యథాస్థానంలోనే కొనసాగండి. జీతం ఇక్కడ యథావిధిగా పడుతుంది. నోటీసు జాగ్రత్త."

"అలాగేనండి," అంది మంగతాయారు. ఫోను పక్కన పెట్టి కాళ్లు బారజాపుకుంది. ముందు నెమ్మదిగా నవ్వింది, తర్వాత ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వింది.

లోపల్నుంచి ధనరాజు గరిటెతో బయటికొచ్చాడు. "ఏంటే, ఎప్పుడు రమ్మంటున్నారు?"

"రమ్మనడానికి రూల్సు ఒప్పుకోవటండీ," అంది మంగతాయారు, కళ్లు తుడుచుకుంటూ. "మీరూ ఇలా వచ్చి కూర్చోండి."